పాలు ఎండిపోవు, ఎండగడతారు: విశాఖ శ్రామిక తల్లుల పనిగంటల లెక్క

“పాలు ఎండిపోనాయమ్మా.”

విశాఖ బస్తీల్లో మూడు నాలుగు నెలల బిడ్డకు డబ్బా పాలు ఎందుకు పడుతున్నారని అడిగితే మాకు తరచూ వినిపించే జవాబు ఇదే. ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని చెబుతుంది బాలింత. పక్కనున్న అత్తో, అమ్మో అందుకుని ఒంట్లో సత్తువ లేదనో, పత్యం సరిగ్గా చెయ్యలేదనో, ఎవరి దిష్టో తగిలిందనో అంటారు. మేము అక్కడితో ఆపకుండా ఇంకో ప్రశ్న అడుగుతూ వచ్చాం. ఎప్పట్నుంచి ఎండిపోయాయక్కా?

“పన్లోకి ఎల్లిన కాడ్నించి.”

ఈ రెండో జవాబు గురించే ఈ వ్యాసం. పాలు తగ్గడాన్ని మనం ఆడమనిషి ఒంటి లోపంగా చూస్తాం. ఆస్పత్రిలో సలహాగా, ఇంట్లో నిందగా అది ఆమె మీదే పడుతుంది. కానీ పాలు నిలవాలంటే కావలసినవి మూడు: సమయం, తలుపున్న గది, పోతుందన్న భయం లేని పని. ఈ మూడూ ఎవరికి దక్కుతాయి, ఎవరికి దక్కవు అనేది మన దేశంలో కులమూ, కాంట్రాక్టూ కలిసి తేలుస్తాయి. కాబట్టి తల్లిపాలు ఆరోగ్య శాఖ గోడమీద పోస్టరు విషయం మాత్రమే కాదు. అది పనిగంటల విషయం, హక్కుల విషయం.

ఒంటికి ఉన్న గడియారం

రొమ్ము కుండ లాంటిది కాదు, పొద్దున్నే నింపి సాయంత్రం దాకా దాచుకోవడానికి. ఊటబావి లాంటిది. చేదినకొద్దీ ఊరుతుంది, చేదడం మానేస్తే ఊట మందగిస్తుంది. బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రోలాక్టిన్ పాలు తయారయ్యేలా చేస్తుంది. ఆక్సిటోసిన్ ఆ పాలను బయటికి తోస్తుంది. మన అమ్మమ్మలు ‘పాలు చేపడం’ అనేది ఈ రెండో పనినే. రొమ్ము నిండి గంటల తరబడి అలాగే ఉండిపోతే, ఇక చాలన్న సంకేతం రొమ్ములోనే పుట్టి తయారీ తగ్గిపోతుంది.

మొదటి నెలల్లో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. అంటే రెండు మూడు గంటలకోసారి. తల్లి బిడ్డకు దూరంగా పనిలో ఉన్నా ఈ గడియారం ఆగదు. ఇంచుమించు మూడు గంటలకోసారి చేత్తోనో పంపుతోనో పాలు తీయాలి. తీయకపోతే మొదట రొమ్ములు రాయిలా బిగుసుకుంటాయి. పాలు కారి జాకెట్టు తడుస్తుంది. నొప్పి, కొందరికి జ్వరం, కొన్నిసార్లు చీముగడ్డ. ఇదే రోజూ సాగితే కొద్ది వారాల్లో పాలు తగ్గిపోతాయి. అప్పుడు నొప్పి కూడా తగ్గుతుంది. ‘ఎండిపోనాయి’ అనేది ఆ దశలో వచ్చే మాట.

ఇంకో సంగతి కూడా ఉంది. భయం, అవమానం, నొప్పి ఉన్నప్పుడు ఆక్సిటోసిన్ సరిగ్గా పనిచేయదు. రొమ్ములో పాలున్నా చేపవు. తలుపు లేని చోట, మేస్త్రీ ఎప్పుడు కేకేస్తాడో తెలియని చోట, గోడ వైపు తిరిగి నిలబడి పాలు పిండుకోవాలంటే చుక్క రాదు. గౌరవం అనేది ఉపన్యాసాల్లో చెప్పుకునే మాటే కాదు, పాలు చేపడానికి కూడా అది కావాలి.

చట్టానికి ఉన్న గడియారం

ఇప్పుడు పని లెక్క చూద్దాం. ఎనిమిది గంటల షిఫ్టు, అరగంట భోజనం, రానూ పోనూ రెండు గంటలు. ఇల్లు విడిచి పదిన్నర గంటలు. ఆ సమయంలో కనీసం మూడుసార్లు పాలు తీయాలి. షిఫ్టు పది గంటలైతే ఇంటికి దూరంగా పన్నెండున్నర గంటలు, నాలుగుసార్లు. అచ్యుతాపురం, దువ్వాడ సెజ్‌లకు పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే ఆడకూలీలకు ఈ లెక్క ఊహ కాదు.

సరిగ్గా ఇదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వం గడియారాన్ని వెనక్కి తిప్పింది. ఫ్యాక్టరీల్లో రోజువారీ గరిష్ఠ పనిని తొమ్మిది గంటల నుంచి పది గంటలకు పెంచాలని 2025 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. సెప్టెంబర్‌లో సవరణ బిల్లు శాసనసభ ఆమోదం పొందింది. అందులో పది గంటల గురించి అందరం మాట్లాడాం. రాత్రి షిఫ్టుల్లో ఆడవాళ్ల గురించీ చర్చ జరిగింది. కానీ చిన్నదిగా కనిపించే ఇంకో మార్పును బాలింతల వైపు నుంచి ఎవరూ పెద్దగా చూడలేదు. అయిదు గంటల పనికి ఒక విరామం ఇవ్వాలన్న నియమం ఆరు గంటలకు మారింది. ఒంటి గడియారం మూడు గంటలు. చట్టం గడియారం ఆరు గంటలు. ఆ తేడాలోనే పాలు ఇంకిపోతాయి.

ఆ తర్వాత రెండు నెలలకే, 2025 నవంబర్ 21న, కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం ఈ కోడ్‌లలో కలిసిపోయాయి. ప్రసూతి చట్టంలోని ముఖ్యమైన అంశాలు అలాగే కొనసాగాయి. 2017 సవరణ 12 వారాల సెలవును మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేసింది. 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామంతో పాటు రోజుకు రెండు పాల విరామాలు.

చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ పాల విరామం దేనికో చూడండి. ‘బిడ్డకు పాలివ్వడానికి’. బిడ్డ ఎక్కడుంది? క్రెష్ లేనప్పుడు బిడ్డ ఆరిలోవలో నాయనమ్మ దగ్గరుంటుంది, తల్లి బీచ్ రోడ్డులో చీపురు పట్టుకుని ఉంటుంది. బిడ్డ దగ్గర లేనప్పుడు పాలు తీసుకోవడానికి కూడా ఈ విరామం వర్తిస్తుందని చట్టంలో ఎక్కడా లేదు. గనులు, సర్కస్ కంపెనీల కోసం కేంద్రం 1963లో చేసిన ప్రసూతి నియమాల్లో ఒక్కో విరామానికి ఇచ్చింది 15 నిమిషాలు. బిడ్డ పక్క గదిలో ఉంటేనే చాలీచాలని సమయం అది. చేతులు కడుక్కుని, గిన్నె తుడుచుకుని, రెండు వైపులా పాలు తీసి, మూత పెట్టి మళ్లీ పనిలోకి వెళ్లడానికి అది సరిపోదు.

అమెరికాలో 2022 డిసెంబర్‌లో వచ్చిన పంప్ చట్టం ప్రసవం తర్వాత ఏడాది పాటు, అవసరమైనప్పుడల్లా, పాలు తీసుకోవడానికి విరామమూ గదీ ఇవ్వాలని, ఆ గది బాత్రూమ్ కాకూడదని స్పష్టంగా రాసింది. అక్కడి ప్రసూతి సెలవు మనకంటే అన్యాయం, అది వేరే మాట. కానీ తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట ఉండే వాస్తవాన్ని ఆ చట్టం ఒప్పుకుంది. మన చట్టం ఇంకా ఒప్పుకోలేదు.

రిజిస్టరులో ఎవరున్నారు?

హక్కు ఉన్న చోట కూడా అది చేరేది రిజిస్టరులో పేరున్న వాళ్లకే. విశాఖలో చీపురు ఎవరి చేతిలో ఉందో మనకు తెలుసు. తరతరాలుగా పారిశుద్ధ్య పనిలోకి నెట్టబడిన రెల్లి ఆడవాళ్లు, వాళ్లతో పాటు ఇతర దళిత ఆడవాళ్లు. 2025లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణ చేసినప్పుడు రెల్లి, దాని ఉపకులాలను అత్యంత వెనకబడిన మొదటి గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చింది. వెనకబాటు అంటే ఏమిటో తెలుసుకోవాలంటే సర్టిఫికెట్లు తిరగేయక్కర్లేదు. తెల్లవారకముందే మస్తరు వేయించుకున్న బాలింత తొమ్మిది గంటలకు ఎక్కడ కూర్చుంటుందో చూస్తే చాలు.

ఆమె పనిచేసే చోటు రోడ్డు. రోడ్డుకు తలుపు ఉండదు. కుళాయి ఉండదు. చెత్త ఎత్తిన చేతులతో రొమ్ము ముట్టుకోకూడదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కడుక్కోవడానికి నీళ్లు చూపించాల్సిన వాళ్లు చూపించరు. పూట పని పోతే పూట కూలి పోతుంది. నగరానికి స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకు రావాలి, ఆమెకు మాత్రం చేతులు కడుక్కునే చోటు ఉండదు.

ఇక కాంట్రాక్టు లెక్క. పాత కాంట్రాక్టు కార్మిక చట్టం కింద కేంద్ర నియమాల ప్రకారం 20 మంది ఆడకూలీలున్నా వాళ్ల పిల్లలకు గదులు చూపాలి. ఫ్యాక్టరీల చట్టంలో 30 మంది ఆడవాళ్లు దాటితే క్రెష్. కొత్త కోడ్‌లలో లెక్క 50 మందికి మారింది. ఆడా మగా కలిపి 50 కాబట్టి పెద్ద సంస్థల్లో ఇది మేలు చేయవచ్చు. కానీ పని ముక్కలు చేసి నలుగురు కాంట్రాక్టర్లకు పంచిన చోట, ఒక్కొక్కరి దగ్గర నలభై మందే ఉంటారు. గేటు ఒకటే, దుమ్ము ఒకటే, కాగితాల్లో మాత్రం నాలుగు చిన్న సంస్థలు.

ఇక్కడే కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. వృత్తి భద్రత కోడ్ ప్రకారం కాంట్రాక్టు కార్మికులకు సంక్షేమ సౌకర్యాలు కల్పించాల్సింది ప్రధాన యజమానే. మా కాంట్రాక్టరును అడగండి అని తప్పించుకోవడానికి వీల్లేదు. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద 2025 మే 20న నిరవధిక సమ్మె మొదలైనప్పుడు మనం చూసింది ఇదే పాత ఆట. పని ప్లాంటుది, మనుషులు కాంట్రాక్టరు వాళ్లు. తీసేస్తారన్న భయం వెంటాడే చోట ఏ బాలింతా విరామం అడగదు. 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న విశాఖ ఉక్కు మీద ఆంధ్రుల హక్కు అంటున్నాం. ఆ హక్కులో క్యాంటీన్ తోమే, షాపు ఊడ్చే కాంట్రాక్టు తల్లి వాటా ఎంత అన్నది కూడా మన ప్రశ్నే కావాలి.

కోర్టులు ఈ విషయంలో కొంత దారి వేశాయి. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్తర్ రోల్ మహిళల కేసులో 2000లోనే సుప్రీంకోర్టు రోజుకూలీలకు కూడా ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని చెప్పింది. 2023లో కవితా యాదవ్ కేసులో కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం ఆగకూడదని తీర్పునిచ్చింది. 2025 ఫిబ్రవరిలో బహిరంగ భవనాల్లో పాలిచ్చే గదులు ఉండాలని రాష్ట్రాలకు చెప్పింది. ఈ మూడు తీర్పులను కలిపి చదివితే ఔట్‌సోర్సింగ్ తల్లికి ఒక బలమైన వాదన తయారవుతుంది. కలిపి చదవాల్సింది మనమే.

రోజుకు 27 రూపాయలు

ఏ రిజిస్టరులోనూ లేని వాళ్ల సంగతి? ఇళ్లలో పనిచేసేవాళ్లు, పళ్లబండ్ల వాళ్లు, చేపల బుట్టల వాళ్లు, భవన నిర్మాణ కూలీలు. వీళ్లకు ఉన్నది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, అదీ వాయిదాల్లో. ఆహార భద్రతా చట్టం 2013లో చెప్పింది కనీసం 6,000. రిజిస్టరు తల్లికి ఇచ్చే 26 వారాలనే కొలతగా తీసుకుంటే 182 రోజులు. 5,000ను 182తో భాగిస్తే రోజుకు 27 రూపాయల చిల్లర. తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద నగదూ కిట్లూ కలిపి 18,000 ఇస్తుంది. అదీ రోజుకు 99 రూపాయలే, అయినా మన దానికి మూడున్నర రెట్లు. 27 రూపాయలతో ఇల్లు గడవదు కాబట్టి రెండో నెలకే, మూడో నెలకే తల్లి పనిలోకి వెళ్తుంది.

వెళ్లాక డబ్బా వస్తుంది. పూర్తిగా డబ్బా పాల మీద ఉన్న మూడు నెలల బిడ్డకు 400 గ్రాముల డబ్బా మూడు నాలుగు రోజులకు మించి రాదు. కాబట్టి పొడి తగ్గుతుంది, నీళ్లు పెరుగుతాయి. ఆ నీళ్లు బస్తీ కుళాయివి. విరేచనాలు, బరువు తగ్గడం, ఘోషాస్పత్రికో కేజీహెచ్‌కో పరుగు, మళ్లీ తల్లికి పని నాగా. డబ్బా కంపెనీల ప్రచారాన్ని 1992 చట్టం నిషేధించింది. మంచిదే. కానీ తల్లికి విరామం ఇవ్వని పనికంటే పెద్ద ప్రచారకర్త డబ్బా పాలకు ఎవరున్నారు?

మా సంగతి

యూనివర్సిటీల్లో ఉన్న మనకు ఇది దూరపు విషయం కాదు. మాలో ఒకరు పీహెచ్‌డీ మధ్యలో బిడ్డను కన్నారు. పరిశోధక విద్యార్థినులకు యూజీసీ నియమాల్లో 240 రోజుల వరకు సెలవు ఉంది. సెలవు దొరికింది. తిరిగొచ్చాక గది దొరకలేదు. లైబ్రరీ టాయిలెట్‌లో గడియ పెట్టుకుని, ఒక చేత్తో సీసా, ఒక చేత్తో రొమ్ము పట్టుకుని పాలు తీసి, దాచే చోటు లేక సింకులో పారబోసిన రోజులున్నాయి. ఆ అయిదో నెల బిడ్డ నోటి దగ్గరి పాలు నీళ్లలో కలిసిపోవడం చూస్తే ఏడుపొస్తుంది. అయినా ఆమెకు గడియ ఉన్న తలుపు ఉంది. ఇరవై నిమిషాలు కనిపించకపోతే కూలి కోసేవాళ్లు లేరు. ఆ టాయిలెట్ కడిగే అక్కకు ఆ రెండూ లేవు. ఈ తేడాను మరిచిపోయి ‘మహిళలందరి సమస్య’ అని రాస్తే అబద్ధం రాసినట్టే.

విశాఖలో డేటా సెంటర్లు వస్తున్నాయి, ఐటీ భవనాలు లేస్తున్నాయి. కొన్ని ఆఫీసుల్లో బాలింతలకు కుర్చీ, ఫ్రిజ్ ఉన్న గదులు కూడా వస్తాయి. రావాలి కూడా. ఆ గదిని తుడిచే హౌస్‌కీపింగ్ అమ్మాయి బాలింత అయితే ఆ కుర్చీలో కూర్చోగలదా? ఆమె సీసా ఆ ఫ్రిజ్‌లో పెట్టనిస్తారా? మన సమాజంలో మంచినీళ్ల కుండ దగ్గర జరిగిందంతా తెలిసిన వాళ్లకు ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో విడమరచి చెప్పక్కర్లేదు.

బాబాసాహెబ్ 1928లో అడిగింది

బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు మీద 1928లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మాట్లాడారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశ ప్రయోజనమని, కాబట్టి ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరించాలని వాదించారు. 1929లో బొంబాయిలో ఆ చట్టం వచ్చింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు గని కార్మికురాళ్ల ప్రసూతి చట్టానికి సవరణలు తెచ్చిందీ ఆయనే. రాజ్యాంగం 42వ అధికరణం మానవీయమైన పని పరిస్థితులు, ప్రసూతి సాయం రాజ్యం బాధ్యత అంటుంది. యజమాని దయ, మేస్త్రీ మంచితనం అన్న మాటలు అందులో లేవు.

ఇప్పుడు చేయాల్సింది

లేబర్ కోడ్‌లలో పని మధ్య విరామాలు ఎలా ఉండాలో ప్రభుత్వాలు నోటిఫికేషన్లు, రూల్స్ ద్వారా చెప్పాలి. జీవీఎంసీకీ, ప్రైవేటు ఫ్యాక్టరీలకూ రాష్ట్రం, పోర్టుకూ స్టీల్‌ప్లాంటుకూ కేంద్రం. అంటే ఈ రూల్స్ దగ్గరే మనం పట్టుబట్టాలి. మేము అడుగుతున్నవి ఇవి.

ఒకటి, పాల విరామం అంటే బిడ్డకు ఇవ్వడమే కాదు, పాలు తీసుకోవడం కూడా అని రాయాలి. మూడు గంటలకోసారి, అరగంట, కూలి కోయకుండా. రెండు, క్రెష్ లెక్కను కాంట్రాక్టరు వారీగా కాకుండా ప్రధాన యజమాని కింద పనిచేసే అందరినీ కలిపి వేయాలి. మూడు, పారిశుద్ధ్య కార్మికురాళ్లకు వార్డు సచివాలయాల్లో తలుపున్న ఒక గది, కుళాయి, సబ్బు, చిన్న ఫ్రిజ్ కేటాయించాలి. భవనాలు ఉన్నాయి, కరెంటు ఉంది, మస్తరు పాయింట్లకు దగ్గర కూడా. కొత్తగా కట్టక్కర్లేదు, తెల్లవారుజామున తాళం తీస్తే చాలు. నాలుగు, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా తల్లికి ఇంటి దగ్గరి వీధిలోనే పని వేయాలి. అయిదు, పని మొదలయ్యే వేళకే తెరిచే క్రెష్‌లు కావాలి, అందులో ఆయాలకు బతికే జీతం ఇవ్వాలి. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ల మీద ఇంకో బరువు ఊరికే మోపితే ఒక తల్లి హక్కును ఇంకో తల్లి ఒంటినుంచి పిండినట్టే.

రూల్స్ మారేలోగా బస్తీల్లో చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. పాలు తీయడానికి మెషీన్ తప్పనిసరి కాదు. కడిగిన చేయి, మరిగించిన నీళ్లతో కడిగిన మూత ఉన్న స్టీలు గిన్నె చాలు. పనిలోకి వెళ్లడానికి రెండు వారాల ముందు నుంచే చేత్తో తీయడం అలవాటు చేసుకోవాలి. వెళ్లే ముందు, రాగానే, రాత్రిపూట బిడ్డకు ఇవ్వాలి. రాత్రి ప్రోలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ పాలే ఊటను నిలబెడతాయి. తీసిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు, ఐస్ ప్యాకులున్న డబ్బాలో ఒక రోజు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. విశాఖ ఎండలో 25 డిగ్రీలు ఎక్కడివి? కాబట్టి బయట ఉంచినవి వీలైనంత త్వరగా వాడాలి. పాలను పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేసి ఉగ్గుగిన్నెతో పట్టాలి. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్లాలి, పాలు తీయడం మాత్రం ఆపకూడదు.

ఇవి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. చిట్కాలు హక్కుకు బదులు కావు. కుళాయి లేని తల్లికి చేతులు కడుక్కో అని చెప్పి రావడం సేవ కాదు.

మన సంఘాల గురించి కూడా ఒక మాట. పర్మినెంట్ చెయ్యాలి, జీతం పెంచాలి అన్నవి మొదటి రెండు లైన్లు కావడం న్యాయమే. నాలుగో లైనులోనో, అయిదో లైనులోనో బాలింత విరామం ఉందా? మన డిమాండ్ పత్రాలు తీసి చూసుకుందాం. లేకపోతే ఈసారి రాద్దాం. రాసేది చీపురు పట్టే అక్క దగ్గర కూర్చుని, ఆమె చెప్పినట్టు రాద్దాం.

ఇంకోసారి ఎవరైనా ‘పాలు ఎండిపోనాయమ్మా’ అంటే అయ్యో అని ఊరుకోవద్దు. ఎప్పట్నుంచి అని అడుగుదాం. మస్తరు ఎన్నింటికి, విరామం ఎప్పుడు, గది ఎక్కడ, కాంట్రాక్టరు ఎవరు, ప్రధాన యజమాని ఎవరు అని అడిగి రాసుకుందాం. ఆ కాగితాన్ని కమిషనర్ టేబుల్ మీద పెట్టే రోజుకు, తల దించుకోవాల్సింది ఆ తల్లి కాదని ఆమెకూ తెలుస్తుంది.

జై భీమ్.